రవంత కుడికి

పుత్తూరు స్టేషన్ రోడ్డులో నా జిరాక్సు కొట్టు.
లామినేషన్, పాన్ కార్డు, శుభలేఖలు,
అడిగినవాళ్ళకు ఒక్క పేజీ వెబ్‌సైటు.
ఇన్నేళ్ళలో అడిగింది చెంగమ్మత్త ఒక్కతే.

కట్టు కట్టే చెంగమ్మత్త.
ఎముకలకు పేర్లు చెప్పదు. విరిగిన చోట బొటనవేలు ఆనించి
"ఇదో, ఈడ అలిగింది" అంటుంది.

"మద్రాసు నించి వచ్చేవాళ్ళు తోవ తప్పి
ఎవురి వాకిట్లోనో దిగతా ఉండారు మే.
నా ఫొటో పెట్టు, నా రోలు పెట్టు, నెంబరు పెట్టు.
ఇంకేమీ వొద్దు."

మూడే బొమ్మలు.
పసరు నూరే రోలు.
వెదురు బద్దలు, గుడ్డ పీలికలు, ఒక అట్ట కోడిగుడ్లు.
నీలం తలుపు ముందర అత్త,
సరిగ్గా కళ్ళు మూసుకున్నప్పుడు ఎవరో నొక్కిన ఫొటో.

నడిమధ్యన ఉండమని రాశాను.
పోయి ఎడమ అంచుకు ఆనుకుంది రోలు.
మళ్ళీ రాశాను. కదల్లేదు.
కరెంటు పోయింది. వచ్చింది.
రోలు ఆడనే ఉంది.
రోలు కదా, అనుకున్నాను.

రాత్రి తొమ్మిదింటికి, తిరుత్తణి బస్సు పోయినాక,
తెలిసింది సంగతి:
బొమ్మ తనను అక్షరమనుకుంటోంది.
'క' పక్కన 'ట్టు' ఎట్లా కూర్చుంటుందో అట్లా
వరసలో తన వంతు చోట కూర్చుంది, పాపం.
ముందు దానికి చెప్పాలి,
నువ్వు అక్షరానివి కావు, పేరావి,
ఈ పంక్తి మొత్తం నీదే, పక్కన ఎవరూ రారు అని.
అప్పుడుగానీ దానికి ఎడమా కుడీ పుట్టవు.

పుట్టినాక రెండు పక్కలకూ ఒకే మాట: ఆటో.
పదకొండు మందిని సర్దే నారాయణవనం ఆటో కాదు.
మిగిలిన జాగా చెరిసగం తీసుకోండి అని అర్థం.
మధ్య అనే చోటు ఎక్కడా లేదంట.
మిగిలింది రెండు పక్కలూ తగాదా లేకుండా పంచుకుంటే
దానికి ఆ పేరు.
గట్టు కోసం కోర్టుకెక్కిన మా నాయనకూ చిన్నాయనకూ
ఈ రెండు లైన్లు ప్రింటు తీసి ఇద్దామనుకున్నాను.
ఇవ్వలేదు.

రోలు కుదిరింది. కోడిగుడ్లు కుదిరాయి.
అత్త కుదరలేదు.
స్కేలు పెట్టి కొలిచాను స్క్రీను మీద.
ఎడమ మూడు వేళ్ళు, కుడి మూడు వేళ్ళు. లెక్క తప్పు లేదు.
అయినా ఏదో ఒరిగినట్టుంది.
చాలాసేపు చూస్తే తెలిసింది,
ఫొటో మధ్యలోనే ఉంది. ఫొటోలో అత్త లేదు.
తలుపంతా కుడివైపు వదిలేసి
ఎడమ గడప మీద నిలబడింది.

ఆరో తరగతిలో బడి ట్యాంకు మెట్ల మీంచి పడ్డాను.
ఎడమ మణికట్టు.
అత్త నా రెండు చేతులూ తన ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుంది.
విరిగినదాన్ని కాదు, మంచిదాన్నే తడిమింది ముందు,
కళ్ళు మూసుకుని.
"ఈ చెయ్యి పుట్టకతోనే రవంత వొంపు.
ఆ చెయ్యీ అట్లనే పోవాల" అని
ఒక్క లాగు లాగింది.
నేను అరిచిన అరుపుకు
వాకిట్లో కట్టేసిన మేక తాడు తెంపుకుంది.

ఆ చేత్తోనే ఇప్పుడు
ఆటో చెరిపేసి అంకె వేశాను.
పన్నెండు చుక్కలు కుడికి.
చూశాను.
ఇంకో నాలుగు.
ఇప్పుడు కొలిస్తే తప్పు. చూస్తే అత్త.
కళ్ళు తెరిచిన ఫొటో అడుగుదామనుకున్నది
మానేశాను.

పొద్దున్నే వచ్చి తన ఫోనులో తెరిచింది,
అద్దం పగిలి సాలెగూడైన ఫోను.
చిన్న తెర. అన్నీ ఒకదాని కిందొకటి,
అంచు నుంచి అంచుదాకా.
నా పదహారు చుక్కలు ఎక్కడా లేవు.

"బాగుండాది మే. నెంబరే రవంత పెద్దది చెయ్" అంది.
డబ్బులిస్తూ నా మణికట్టు పట్టుకుని
పాత చోటే బొటనవేలు ఆనించింది.
"వానకు లాగతా ఉండాదా?"

లేదన్నాను.
బయట అప్పుడే మబ్బు పడుతోంది.